కుంకుమ కింద మదర్‌బోర్డు నంబరు

ముందే ఒప్పుకుంటున్నాను: ఉన్నదున్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. మా జనగామలో నాలుగు చినుకులు పడితే నేను వరదంటాను. ఇందులో కొలతలేవైనా కనిపిస్తే సగానికి తగ్గించి చదువుకోండి.

పాత కంప్యూటర్లు బాగుచేయడం నా పని. మహబూబాబాద్‌లో పెళ్లికార్డులు తయారుచేసే అక్క ఒకామె ఉంది. ఆమె కంప్యూటరు కాకతీయుల కాలంనాటిది. అందులోని తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ మరే యంత్రంలోనూ నడవదు. మళ్లీ ఎక్కిద్దామంటే ఫ్లాపీలను ఎలుకలు ఎప్పుడో భోంచేశాయి. మొన్న మాఘమాసం ముహూర్తాల ముందు అది కాస్తా ఆగిపోయింది.

"అన్నా, నా కార్డులన్నీ దాంట్లనే ఉన్నయ్. గిది లేవకుంటే దుకాణం మూసుడే" అంది ఫోన్లో.

రైలెక్కి వెళ్లి డబ్బా విప్పాను. మదర్‌బోర్డు మీది కెపాసిటర్లు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. అచ్చం అలాంటి బోర్డే కావాలి; వేరేది పెడితే పాత హార్డ్‌డిస్కు మొరాయిస్తుంది. రకం తెలియాలంటే స్లాట్ల మధ్య ముద్రించిన నంబరు చూడాలి. చూస్తే అక్కడ పసుపు, దాని మీద కుంకుమ! ఏటా దసరాకు డబ్బా విప్పి బొట్టు పెడుతుందట. వేలు పట్టేంత ఖాళీ ఉన్నది ఆ నంబరు దగ్గరే. ఇరవై దసరాల కుంకుమ అక్కడ గుట్టయి కూర్చుంది.

నేను తడిగుడ్డ తీయగానే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఏం జేస్తున్నవన్నా? బొట్టు తుడుస్తవా? అదింకా సావలేదు!"

"నంబరు జూడాలె గదక్కా."

"జూడకుంట ఎట్లనన్న జెయ్యి. గంత పెద్ద మెకానిక్‌వి!"

ఫోనులో ఫొటోలు తీసుకుని భూపాలపల్లి బస్సెక్కాను. అక్కడ పాత సామాన్ల దుకాణంలో బోర్డుల కుప్ప కొండంత ఉంది. నేను అందులో దిగితే నా తల మాత్రమే బయటికి కనిపించింది.

"ఏం దేవులాడుతున్నవే అన్నా, బంగారమా?" అన్నాడు దుకాణదారు.

"పిల్లకు సంబంధం" అన్నాను.

తెల్ల స్లాట్లు మూడు, పొడుగాటి నల్లది ఒకటి, స్క్రూ రంధ్రాలు ఆరు. ఫొటోతో పోలిక కుదిరినవి రెండే దొరికాయి. కవలల్లా ఉన్నాయి. ఏది మనదో తేలక రెండూ మోసుకుని మహబూబాబాద్ వచ్చాను.

పాతదాంతో కలిపి మూడింటినీ బల్ల మీద పరిచి భూతద్దం పట్టాను. పెద్ద చిప్పు మీద చీమ తలకాయంత అంకెలున్నాయి. ఒకదాంట్లో ఒక్క అంకె తేడాగా ఉందని పట్టేశాను! రెండోది బిగించి స్విచ్చి నొక్కితే చిన్న కూత, తర్వాత తెర మీద సగం కుదిర్చిన పెళ్లికార్డు. అక్క కళ్లల్లో ఆ వెలుగు చూస్తే కరెంటు అక్కర్లేదనిపించింది.

ఇక నిజం. కుప్ప మోకాలెత్తే, దాన్ని కొండంత చేసింది నా పెంపకం. పచ్చి కల్పన మాత్రం ఒక్కటుంది: ఆ తేడా పట్టింది నేను కాదు. నేను తప్పు బోర్డునే బిగించబోయాను. పెళ్లికార్డు ప్రూఫును అక్క ఎప్పుడూ చివరి నుంచి మొదటికి చదువుతుంది, అలవాటైన కన్ను తప్పును దాటిపోకుండా. చిప్పుల మీది అంకెల్నీ అలాగే వెనక నుంచి చదివి, నా స్క్రూడ్రైవరు లాక్కుంది.

"జర ఆగన్నా! ఈడ ఐదున్నది, ఆడ ఆరున్నది. నువ్వు ఒకలింటి పిల్లను ఇంకొకలింటికి తోలుతున్నవ్."