తాండూరు బండ మీద మాంసం

తాండూరులో బండలు పాలిష్ పట్టే షెడ్డులో నాది కొలతల పని. చదివింది ఏడో తరగతే. అయినా లారీలో పేర్చిన బండలు ఎన్ని చదరపు అడుగులో చూసి చెప్పగలను. వంటలోనూ నాకు అదే అలవాటు. ఇంట్లో పత్తర్ కా గోష్, అంటే కాలిన రాతి మీద వేయించే మాంసం, నేనే చేస్తాను. కిలో మాంసానికి రెండు చెంచాల పచ్చి బొప్పాయి ముద్ద, అంతకు మించితే ముక్క పిండైపోతుంది. ఎముక లేని తొడ మాంసాన్ని పలచగా కోసి, రోకలితో తట్టి, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, మిరియాలు పట్టించి మూడు గంటలు పక్కన పెట్టాలి. రెండు ఇటుకల మీద రాయి పరిచి కింద బొగ్గులు రాజేయాలి. చల్లిన నీటిచుక్క ఎగిరి మాయమయ్యాకే నెయ్యి రాసి ముక్కలు వేయాలి.

పోయిన చలికాలం నవాబుపేట దగ్గర వియ్యాలవారి చేను మీద ఈ వంట చేశాను. వాళ్లది గొర్లు కాసే ఇల్లు. మా కోసమని ఒక పొట్టేలును అమ్మకుండా ఉంచారు. పెళ్లై ఏడాది తిరగని మా బిడ్డ, "మా బాపు చేస్తే వేళ్లు నాక్కుంటరు" అని అత్తగారింట్లో ముందే చెప్పి పెట్టింది. ఆ మాట నిలబెట్టాలన్నదే నా ఆరాటం.

తినేవాళ్లం పన్నెండు మందిమి. మా ఇంట్లోని నల్లరాయి మీద ఒక వాయికి ఎనిమిది ముక్కలే పడతాయి. దానికి రెండింతల వైశాల్యం కావాలని షెడ్డులోంచి ఒక తాండూరు బండ కోయించాను. పాలిష్ పొడి పోవాలని రాత్రంతా తొట్టిలో నానబెట్టాను. పొడవు, వెడల్పు, మందం, అన్నీ చూసుకున్నాను.

ఇటుకల మీద బండ పెడుతుంటే వియ్యంకుడు అడిగాడు.

"బావా, గిది మంటకు ఆగుతదా? ఇనుప జాలి ఉన్నది, తెమ్మంటవా?"

"నేను బండల్లనే బతికినోన్ని బావా. నువ్వు ఫికర్ చెయ్యకు."

మొదటి వాయి వేశాను. నెయ్యి వాసన లేచింది. అంతలోనే బండలో టప్పుమని చప్పుడు. పైపొర అప్పడంలా ఉబ్బి పేలింది. ముక్కలు బూడిదలో పడ్డాయి, రాతి పెచ్చులు పక్కనున్న మాంసం గిన్నెలోకి రాలాయి. ఎవరికీ దెబ్బ తగలలేదు. పొరలు పొరలుగా ఉండే రాయిని నీళ్లు పీల్చనిచ్చి నిప్పుల మీద పెట్టానని అప్పుడు తట్టింది. నల్లరాయికీ దీనికీ నేను చూసిన తేడా వైశాల్యం ఒక్కటే.

కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే అల్లుడి తమ్ముడు చేతులెత్తాడు.

"మామా, క్వారీల బ్లాస్టింగ్ చేసేటప్పుడు గూడ ముందుగాల సీటీ కొడ్తరే!"

అందరూ పడీ పడీ నవ్వారు. మా బిడ్డ నవ్వలేదు. చెంగు సర్దుకుంటూ బొగ్గుల వైపు చూసింది.

"కడుక్కుంటే అయిపాయె. మాంసమేడికి పోతది?" అంటూ వియ్యంకుడే జాలి తెచ్చాడు. గిన్నెలోని మాంసం కడిగాం, మసాలా అంతా నీళ్లలో పోయింది. ఒక్కొక్క ముక్కా వేళ్లతో తడిమి జాలి మీద వేశాను. "అన్నీ సూసిన, ఒక్క పెచ్చు లేదు" అని అందరికీ వినబడేలా చెప్పాను. ఆ మాటైనా అనకుండా ఉండాల్సింది.

వియ్యపురాలు రెండో ముక్క నములుతూ ఆగింది. మొహం పక్కకు తిప్పి, నోట్లోంచి ఏదో తీసి కొంగు చివర చుట్టింది. నేను చూడలేదనుకుంది.

"ఎట్లుంది చెల్లే?" అని అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు.

"మస్తుగున్నదన్నా," అంది, చెంప మీద చెయ్యి పెట్టుకుని.

మా బిడ్డ లేచి వెళ్లి అత్తగారి పక్కన కూర్చుంది. ఆమె పళ్లెం తన ఒళ్లోకి తీసుకుంది. ఒక్కొక్క ముక్కనూ చీల్చి, రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, అప్పుడు ఆమె చేతికిచ్చింది. కాసేపటికి, తలెత్తకుండానే, "నువ్వు గూడ తిను బాపూ," అంది.

నేను ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. పంటి కింద కరుక్కుమంది. బిడ్డ ముందు ఉమ్మలేక మింగేశాను.