మార్తమ్మ గారు మాట్లాడిన మంగళవారం

దయ్యం పట్టిందంటూ ఎవరినైనా ప్రార్థనకి తీసుకొస్తే, ముందు డాక్టరుకి చూపించి రమ్మనే పాస్టర్ని నేను. ఇరవై ఆరేళ్ళ సేవలో ఒక్క దయ్యాన్నీ చూడలేదు. కలలో ఫలానాది కనపడిందని సాక్ష్యం చెప్పేవాళ్ళని ఆపను గానీ, లోపల నమ్మను. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు రాసేది ఎవరో చెప్పగా విన్నది కాదు, నాకే జరిగింది.

బాపట్ల ఊరి చివర ఒక క్రైస్తవ వృద్ధాశ్రమంలో నన్ను చాప్లిన్‌గా వేశారు. పొద్దున ప్రార్థన, నెలకోసారి ప్రభు భోజనం, మిగతా టైమంతా మంచాల పక్కన కూర్చోవడం, అదీ నా పని. చాలామందికి వాక్యం చెప్పేవాడి కన్నా తాము చెప్పేది వినేవాడు కావాలి.

మార్తమ్మ గారి దగ్గర వినడానికి కూడా ఏమీ ఉండేది కాదు. ఆవిడకి ఎనభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. రేపల్లె దగ్గర నగరం అనే ఊరి చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకి వాక్యం చెప్పే బైబిల్ ఉమన్‌గా బతుకంతా గడిపారు. నేను చేరేసరికే పక్షవాతం వచ్చి, కుడి చెయ్యీ మాటా రెండూ పడిపోయాయి. ఆవిడ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఫైల్లో బంధువులు అన్నచోట ‘ఎవరూ లేరు’ అని ఉంది.

ప్రతి మంగళవారం ఆవిడకి ఒక కీర్తన చదివేవాణ్ణి. ఎడమ చేత్తో నా వేళ్ళు పట్టుకుని వినేవారు.

ఆ మంగళవారం పొద్దున పదకొండయి ఉంటుంది. అల్పపీడనం వాన, రెండు రోజులుగా వదలడం లేదు. నర్సు జ్యోతి ఎదురు మంచం మీద దుప్పటి మారుస్తోంది. నేను తలవంచుకుని చదువుతుంటే ఒక గొంతు వినపడింది. బొంగురుగా, మగవాళ్ళ గొంతులా ఉంది.

“బుల్లెమ్మ మీద గోడ పడింది. మట్టి తియ్యండయ్యా.”

తలెత్తాను. మార్తమ్మ గారు నా వైపే చూస్తున్నారు. పెదవులు మూసే ఉన్నాయి. చెయ్యి మాత్రం నా వేళ్ళని నొప్పి పుట్టేలా పట్టుకుంది.

“జ్యోతీ, విన్నావా?”

“ఏంటండీ?”

“మార్తమ్మ గారు మాట్లాడారు.”

జ్యోతి వచ్చి బుగ్గ తట్టి, “మామ్మా, మాట్లాడావా?” అని అడిగింది. ఉలుకూ పలుకూ లేదు. “నిన్న సమాధి కార్యక్రమం చేయిస్తూ వానలో బాగా తడిశారు కదండీ అయ్యగారూ, ఒళ్ళు వెచ్చబడిందేమో చూసుకోండి” అంది. చూసుకున్నాను. జ్వరం లేదు.

మా వంటావిడది కూడా ఆ నగరం ఊరే. మార్తమ్మ గారికి నిజంగా ఎవరూ లేరా అని అడిగాను. “శాంతకుమారని ఒక చెల్లెలుండాలండి, రేపల్లె స్టేషను వెనకాల. మాటల్లేక ఇరవై ఏళ్ళయింది” అంది. బుల్లెమ్మ ఎవరో తెలీదంది.

ఆ రోజు వెళ్ళలేదు. ఇలాంటి మాట పట్టుకుని వానలో ఊరు దాటి వెళితే నలుగురూ నవ్వుతారనిపించింది. కానీ ఏ పని చేస్తున్నా ఆ గొంతే. బుధవారం పొద్దున్నే రేపల్లె బస్సెక్కాను.

పాత పెంకుటిల్లు, మట్టి గోడలు. తలుపు తీసింది శాంతకుమారి గారే. గోడలన్నీ నిలబడే ఉన్నాయి. నాకు సిగ్గేసింది. మీ అక్కగారికి బాగాలేదు, చూసి వెళ్దురని వచ్చానన్నాను.

ఆవిడ కూర్చోమని కూడా అనలేదు.

“మా ఆయన హిందువండి. అమ్మ పోయినప్పుడు ఆయన కూడా శవపెట్టె మొయ్యబోతే, అందరి ముందూ చెయ్యి తీయించింది మా అక్క. ఆయన పోతే కబురు పెట్టినా రాలేదు. ఇప్పుడు నేను రావాలా?”

సరేనమ్మా అని వెనక్కి తిరిగి, చెప్పకుండా వెళ్ళడం మనస్కరించక, నాకు వినపడిన మాట ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆవిడ మొహం మారిపోయింది.

“బుల్లెమ్మ అనా? అది అమ్మా, అక్కా నన్ను పిలిచే పేరండి. మా ఆయనకి కూడా తెలీదు. గొంతు ఎలా ఉంది?”

“బొంగురుగా, మగవాళ్ళ గొంతులా.”

“ఊళ్ళు తిరిగి చెప్పీ చెప్పీ అలా అయిపోయిందండి అక్క గొంతు.”

కాసేపు గడప మీద కూర్చుంది. తర్వాత లోపలికెళ్ళి రెండు చీరలు సంచిలో పెట్టుకుని, తాళం వేసింది. పక్కింట్లో కూడా చెప్పలేదు.

సాయంత్రానికి బాపట్ల చేరాం. శాంతకుమారి గారు అక్క మంచం దగ్గరికి వెళ్ళి, “ఏంటక్కా, నా మీద గోడ పడిందన్నావంట. చూడు, రాయిలా ఉన్నాను” అంది. అంటూనే ఏడ్చేసింది. మార్తమ్మ గారు ఎడమ చేత్తో చెల్లెలి మొహం అంతా తడిమారు, చూపు లేనివాళ్ళు తడిమినట్టు. నేను బయటికొచ్చేశాను.

రాత్రికి శాంతకుమారి గారు అక్కడే ఉండిపోయింది. ఆవిడ ఫోను ఛార్జింగు అయిపోయి ఎప్పుడో ఆగిపోయింది. పొద్దున జ్యోతి ఛార్జింగు పెట్టి ఆన్ చేయగానే మోగింది. రేపల్లె పక్కింటాయన. స్పీకర్లో నేనూ విన్నాను.

“పిన్నీ! బతికే ఉన్నావా? తెల్లారగట్ట మీ వెనక గోడ కూలిపోయింది. గంటన్నర నుంచి నీ మంచం మీద మట్టి తీస్తున్నాం!”

డాక్టరుగారిని అడిగాను. పక్షవాతంలో ఒక్కోసారి మాట వచ్చి పోవచ్చన్నారు. మరి జ్యోతికెందుకు వినపడలేదు? మట్టి గోడ, రెండు రోజుల వాన, ఎవరైనా ఊహించొచ్చు, నిజమే. కానీ ఆ గొంతు ‘పడుతుంది’ అనలేదు, ‘పడింది’ అంది. అప్పటికి గోడ నిలబడే ఉంది. ఇది ప్రవచనమే, ప్రసంగంలో చెప్పండి అంటారు మా సంఘంలో కొందరు. ఇంతవరకు చెప్పలేదు. నాకే తెలియనిదాన్ని పుల్పిట్ మీద నుంచి ఏమని చెప్పను?

మార్తమ్మ గారు ఇంకో నాలుగు నెలలు బతికారు. మళ్ళీ ఒక్క మాటా అనలేదు. శాంతకుమారి గారు చివరిదాకా పక్కనే ఉండి అన్నం తినిపించింది.

మొన్న ఆవిడ కనపడితే అడిగాను, “మీరేమనుకుంటున్నారమ్మా?” అని.

“ఏమోనండి. చిన్నప్పట్నుంచి అక్క ఏం చెప్పినా ఎదురు చెప్పేదాన్ని. ఆ ఒక్కసారే విన్నాను” అంది.

నేను కూడా విన్నాను. ఏం విన్నానో, ఎవరు పలికారో మాత్రం ఈ రోజుకీ నాకు తెలీదు.