బావ కుడిచెయ్యి

మా బావ బోర్డులు రాస్తాడు. రాసేది ఒక్కటే రకం అక్షరం. లావుగా ఉంటుంది, గీత నడుమ కాస్త సన్నబడి కొసలు బూర మూతిలా విచ్చుకుంటాయి. తలకట్టు కనపడితే చాలు, వీధి చివరనుంచే అది ఆయన చెయ్యేనని పోల్చుకుంటారు. టైర్ల కొట్టు, సర్కస్ గుడారం, సినిమా హాలు, గట్టిగా అరవాలనుకున్న వాళ్లంతా బావ దగ్గరికే వస్తారు. పళ్ల డాక్టరు కూడా అదే రాయించుకున్నాడు. ఆ బోర్డు చూస్తే నాకు నొప్పి లేని పన్ను కూడా సలుపుతుంది.

ఆ అక్షరమంటే బావకు మొహం మొత్తి చాలా కాలమైంది. సన్న కుంచెతో వేరే రకం మొదలుపెడతాడు. రెండో అక్షరానికల్లా చెయ్యి దానంతటదే కొసను నొక్కి విప్పేస్తుంది. కష్టపడి నిగ్రహించుకున్నా కొట్టువాళ్లు ఊరుకోరు. "ఇదేంటి గురూగారూ, ఇంత నీరసంగా? మీ అక్షరం వెయ్యండి" అంటారు.

ఈమధ్య మా అక్క ముందుగదిలో, పనికెళ్లే తల్లుల పసిపిల్లల్ని చూసుకోవడం మొదలుపెట్టింది. బోర్డు కావాలంది.

"పిల్లల గది అని రాయండి. మీ అక్షరం మాత్రం వద్దు. పడుకున్న పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు."

బావ నవ్వలేదు. రాస్తూ, తుడుస్తూ నానా తంటాలు పడ్డాడు. చివరికి కుంచె ఎడమచేతిలోకి మార్చాడు. ఆ చేతికి ఏ అలవాటూ లేదు. అక్షరాలు వణికాయి, గుడులు పక్కకి వాలాయి, కొసలు మాత్రం మెత్తగా ముగిశాయి.

"చూశావా, ఇదీ నేనే రాశాను" అన్నాడు నాతో. ఆ మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

బోర్డు గుమ్మం మీదికెక్కగానే, ఆయనకి చెయ్యి పడిపోయిందని వీధంతా గుప్పుమంది. సినిమా హాలు మేనేజరు పరామర్శకు వచ్చి, వెళ్తూ వెళ్తూ "కొత్త బొమ్మ పని వేరేవాళ్లకిచ్చాం, మీరు విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. టైర్ల కొట్టాయన రానేలేదు. బావ కుడిచెయ్యి ఊపి చూపించినా "ఆయాసపడకండి" అన్నారే తప్ప ఎవరూ నమ్మలేదు.

చివరికి అక్కే అంది, "అది తీసేయండి. మీ అక్షరమే వెయ్యండి."

"నీకు నచ్చిందన్నావు కదే."

"నచ్చింది. అందుకే లోపల పెట్టుకుంటాను."

బావ వెడల్పు కుంచె తీశాడు. చూస్తుండగానే కొత్త బోర్డు అయిపోయింది. ఒక్క అక్షరం కూడా తుడవాల్సిన పని పడలేదు. మర్నాడు మేనేజరు మళ్లీ వచ్చి, "హమ్మయ్య, చెయ్యి నయమైంది!" అని పని ఇచ్చి వెళ్లాడు.

ఎడమచేతి బోర్డు ఇప్పుడు పిల్లలు పడుకునే చోట గోడకి ఉంది. మధ్యాహ్నాలు బావ దాని కింద కూర్చుని పాత అట్టల మీద ఎడమచేత్తో ఏవో రాసుకుంటాడు. ఎవరైనా తలుపు తడితే కుంచెను గబుక్కున కుడిచేతిలోకి మార్చుకుంటాడు.