స్పీకర్లు రెండు, కుర్చీ ఒకటి

ఈ రోజు ప్లాంటులో మొదటి షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి, రేడియోలు బాగుచేసే అప్పన్న మావ నా స్పీకర్లు రెండూ పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. కొత్తవి కొనే స్థోమత లేక ఖుర్సీపార్ కబాడీ దుకాణంలో, పాత ఇనప సామాన్ల మధ్య ఏరి తెచ్చుకున్నవి అవి. లోపల చిరిగిన కాగితపు కోన్‌లు తీసి కొత్తవి వేసి తెచ్చాడు. లోపలికొచ్చి స్పీకర్ల కింద ఇటుకలు పెట్టించి పాట వేయించాడు, గోడ మోగుతోందని నా దుప్పటి దానికి వేలాడదీయించాడు. తర్వాత ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీని సరిగ్గా మధ్యకు లాక్కుని కళ్లు మూసుకున్నాడు. పాట అయిపోయేదాకా నేను నిలబడే ఉన్నాను.

"బాబూ, ఈ మద్దిన కూకున్నోడికే పాట పూర్తిగా ఇనపడతాది. పక్కన కూకుంటే సగమే. ఇంట్లో ఎందరుంటారేటి?" అన్నాడు లేస్తూ.

"నేనొక్కడినే మావా."

"అయితే బస్, ఇంకేటి కావాల, బాగా కుదిరిపోనాది!"

ఆయన మెచ్చుకున్నది స్పీకర్లనే. నాకే ఎందుకో చురుక్కుమంది.

ఆయన వెళ్లాక కూర్చుని విన్నాను. నిజమే, పాడే మనిషి ఎదురుగా నిలబడి నాకోసమే పాడుతున్నట్టుంది. ఎంత బాగుందో అని పక్కకు తిరిగాను. అక్కడ దుప్పటి కప్పుకున్న గోడ తప్ప ఎవరూ లేరు. లేచి కుర్చీని మూరెడు పక్కకు జరిపాను. పాట కాస్త పాడైంది గానీ, ఇంకో కుర్చీకి చోటు వచ్చింది.

మీలో ఎవరికైనా సగం పాట చాలనిపిస్తే చెప్పండి. ఆ రెండో కుర్చీ కూడా కబాడీలోనే వెతుకుతాను.