విజిల్ బాబాయిగారి అసలు ప్రమాదం

చక్రం కనిపెట్టిన మహానుభావుడెవరో చరిత్రకి తెలియదు. మొదట నిప్పు రాజేసిన మనిషి పేరూ ఎక్కడా నమోదు కాలేదు. కానీ అద్దె ఇంటి నీటి వాల్వును ప్రతి ఉదయం ఒకసారి పూర్తిగా కట్టేసి, మళ్ళీ పూర్తిగా తెరిచే ఆచారానికి ఆద్యుడెవరో మా వీధిలో అందరికీ తెలుసు. ఆయన్ని విజిల్ బాబాయి అంటారు. పళ్ళు తోముకుంటుండగా కుళాయి ఆగిపోతే, చరిత్ర తన పని తాను చేసుకుపోతోందని ఆయన ఇంట్లో అద్దెకున్నవాళ్ళు నోట్లో నురగతోనే ఓపిగ్గా ఎదురుచూసేవారు.

“తిప్పని వాల్వు బిగుసుకుపోతుంది. అవసరమొచ్చిననాడు కదలదు,” అనేవారాయన.

“మీ మోకాళ్ళూ అంతే. వాటినీ కాస్త తిప్పుతూ ఉండండి,” అనేది ఆయన భార్య. ఆవిడ అందరికీ పిన్నిగారు.

ఆ మేడలో కింద వెనక భాగంలో ఇంటివాళ్ళు, ముందు గదిలో టైలరమ్మ, మధ్య అంతస్తులో లెక్కల మాస్టారి కుటుంబం, పైన ఇద్దరు నర్సులు ఉండేవారు. మెట్ల మలుపులో మంటలార్పే ఎర్ర సిలిండరు, గోడమీద బయటికి దారి చూపే బాణాలు, ప్లంబరు నంబరూ ఎలక్ట్రీషియన్ నంబరూ గుమ్మం పక్కన గజం ఎత్తు అక్షరాల్లో. ఇసుక బకెట్లు కూడా ఉండేవి. వాటిని వీధి పిల్లులు తమ సొంత అత్యవసరాలకి వాడుకునేవి.

అన్నిటికీ మించి విజిల్ ఉండేది. ఒక పొడవు ఈల వేస్తే నిప్పు అంటుకుందని అర్థం. ఉన్నవాళ్ళు ఉన్నట్టే, చేతిలోది అక్కడే వదిలేసి, ఎదురుగోడ దగ్గర వరుసగా నిలబడాలి. రెండు పొట్టి ఈలలైతే అందరూ లోపలికి రావాలి. సెలవు రోజు వచ్చిందంటే సాధన తప్పదు. వరుస వంకర పోతే మళ్ళీ మొదటినుంచి.

ఇంత చేసినా ప్రమాదం ఆయన గుమ్మం తొక్కలేదు. ఎదురింట్లో మీటరు కాలింది. పక్కింట్లో పిట్టగోడ కూలింది. బాబాయిగారింట్లో బల్బు కూడా ఎంతో మర్యాదగా మాడేది. పక్కింటి గోడ చూసి రావడానికి వెళ్ళినప్పుడు ఆయన ముఖంలో కనిపించింది సానుభూతి మాత్రమే అని చెప్పలేం.

చివరికి నిప్పు అంటుకుంది గాని, అదీ సాధన వల్లే. ఈల వినగానే టైలరమ్మ నియమం ప్రకారం ఇస్త్రీ పెట్టెను ఉన్నచోటే వదిలేసి బయటికి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి ఒక చొక్కాకి చెయ్యి లేదు.

“బాబాయ్‌గారూ, మీ జాగ్రత్త భరించే స్తోమత నాకు లేదు. నెలాఖరుకి ఖాళీ చేస్తాను. వెనక వీధిలో గది చూసుకున్నాను.”

“అమ్మా, నీలాంటి అద్దెమనిషి మాకు మళ్ళీ దొరుకుతుందా? అయినా అక్కడ సిలిండరు ఉందా?”

“లేదు. విజిల్ కూడా లేదు.”

ఆయనకి ఆ రాత్రి ముద్ద దిగలేదు. టైలరమ్మ మిషను చప్పుడు ఆగితే ఇల్లు బోసిపోతుందని పిన్నిగారి బెంగ. ఇన్నేళ్ళ జాగ్రత్త విలువ తెలియకుండానే ఆ పిల్ల వెళ్ళిపోతుందని ఆయన బెంగ. ఒక్క ప్రమాదం, చిన్నదైనా సరే, ఈ నెలాఖరులోపు!

దేవుడు విన్నాడు. శనివారం మధ్యాహ్నం ముందు గదిలో ఫట్‌మని పేలింది. పైకప్పు వెంబడి పోయే గొట్టం జాయింటు ఊడి, నీళ్ళు ఏనుగు తొండంతో కొట్టినట్టు గదిలోకి దూకాయి. సాయంత్రం స్కూలు పిల్లలు బ్యాండు వాయించడానికి వేసుకోవాల్సిన ఎర్ర కోట్లన్నీ ఆ గదిలోనే ఉన్నాయి. టైలరమ్మ కెవ్వుమంది.

బాబాయిగారు భోజనం ముందునుంచి లేచారు. మోకాళ్ళు మరిచిపోయారు. వీధిలోకి ఒక్క దూకు దూకి, జీవితమంతా దాచుకున్న ఊపిరితో ఈల వేశారు. ఒకటే. పొడవుగా.

ఇల్లు దడదడలాడింది. సగం గడ్డం గీసుకున్న మాస్టారు, తలకి తువ్వాలు చుట్టుకున్న నర్సులు, మాస్టారి భార్య అందరూ వట్టి చేతులతో వచ్చి ఎదురుగోడ దగ్గర నిలబడ్డారు. వరుస దారం పట్టినట్టు ఉంది. అంత చక్కగా ఏనాడూ కుదరలేదు.

ఈల వినగానే అలవాటుకొద్దీ బయటికొచ్చేసిన టైలరమ్మ ఒక్కతే మళ్ళీ లోపలికి దూసుకుపోబోయింది. బాబాయిగారు చేతులు చాచి గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

“సామాన్ల కోసం వెనక్కి వెళ్ళకూడదు! మొదటి నియమం!”

“అవి నీళ్ళు బాబాయ్‌గారూ, నిప్పు కాదు! కోట్లు తడిసిపోతున్నాయి, తప్పుకోండి!”

ఆయనకి వెలిగింది. రెండు పొట్టి ఈలలు వేద్దామని విజిల్ నోట్లో పెట్టుకున్నారు. ఊపిరి లేదు. ఈల బదులు తుంపర వచ్చింది.

“రెండో సంకేతం రాలేదు కదా?” అన్నారు మాస్టారు, గోడకి అంటుకుపోయి.

“కదిలితే మళ్ళీ మొదటినుంచి చేయిస్తారు సార్,” అంది చిన్న నర్సు.

పిన్నిగారు గరిటె పట్టుకునే వచ్చింది. “ఏం చూస్తున్నారర్రా, ఇది పెళ్ళి ఫొటోనా! లోపలికి పదండి!”

ఇక చూడాలి! ఉరుకులు, పరుగులు, అరుపులు! బాబాయిగారు వాల్వు మీద పడ్డారు. అది వెన్నలో వేలు పెట్టినట్టు తిరిగింది. తొండం దారమైంది, దారం చుక్కలైంది, ఆగింది. మాస్టారి భార్య బకెట్లలోని ఇసుక గుమ్మరించి, నీళ్ళు బట్టల అలమర వైపు పోకుండా కట్ట కట్టేసింది. ఎర్ర కోట్లు చేతినుంచి చేతికి ఎగురుతూ మెట్లెక్కాయి. “బొత్తాలు జాగ్రత్త!” అని టైలరమ్మ, “మీరు నా కాలు తొక్కారు!” అని పెద్ద నర్సు, “లెక్క తప్పించకండి!” అని మాస్టారు. తడిసిన కొన్నిటి మీద మూడు ఇస్త్రీ పెట్టెలు ఒకేసారి పొగలు కక్కాయి. ప్లంబరు వచ్చేసరికి చెయ్యడానికి జాయింటు తప్ప ఏమీ మిగల్లేదు. స్కూలు వ్యాను వచ్చింది. కోట్లన్నీ ఎక్కాయి. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది.

టైలరమ్మ నుదుటి చెమట తుడుచుకుని, “బాబాయ్‌గారూ, నేను ఖాళీ చెయ్యడంలేదు,” అంది.

బాబాయిగారు విజిల్‌ను పంచె చెంగుతో తుడిచి మెరిపించారు. మాస్టారు, ముందుచూపు మనుషుల్ని ఎలా కలిపి ఉంచుతుందో నాలుగు మంచి మాటలు చెప్పారు. నీటి ప్రమాదానికి వేరే ఈల ఉండాలని అక్కడికక్కడే నిర్ణయమైంది. అందరూ వెళ్ళాక పిన్నిగారు టైలరమ్మకి తువ్వాలు అందిస్తూ, “మనసెప్పుడు మార్చుకున్నావే?” అని అడిగింది.

“పొద్దున్నే పిన్నిగారూ. ఆ వెనక వీధి గదికి వెళ్ళి గుమ్మం కొలిచాను. నా కత్తిరింపు బల్ల అందులోంచి పట్టదు.”