బండ పలికిందా, వాన పలికిందా: అణుధూళి కోసం దేవరకొండ దాకా

ఏదో దేశం అణుబాంబు పరీక్షించిందని టీవీలో విన్న వారం, నెట్‌లో చూసి నేనే కూర్చుకున్న రేడియేషన్ మీటరును దేవరకొండ దగ్గర మా మామ గొర్రెల దొడ్డిలో పెట్టాను. మా గదిలో కంటే రెండింతలు చూపించింది. "వానతో అణుధూళి పడింది" అని వీడియో పెట్టేశాను. నాలుగు ఊళ్లు తిరిగింది. పదో తరగతితో చదువు ఆగిన నన్ను అందరూ సార్ అన్నారు. ఇప్పుడు బేరగాళ్లు మామ మందను సగం ధరకే అడుగుతున్నారట. రేపు అంగడికి మొత్తం తోలేస్తున్నాడని అత్త తెల్లవారుజామున ఫోన్ చేసింది. నా మాట నిజమో కాదో తేల్చాల్సింది నేనే.

పొద్దున ఆరింటికి రాత్రి షిఫ్టు దిగి, స్నానం కూడా చేయకుండా జడ్చర్లలో కల్వకుర్తి బస్సెక్కాను. కూర్చోలేక లేచి నిలబడ్డాను. మీటరు టిక్కుటిక్కుమంటుంటే బాంబు కాదు కదా అని కండక్టరు నవ్వాడు, నాకు నవ్వు రాలేదు. కల్వకుర్తిలో బస్సు మారాను. రెండు టికెట్లూ కలిపి రెండు వందల లోపే. డిండి దాటాక రోడ్డుకు గుట్టలు దగ్గరైన చోటల్లా అంకె పెరిగింది, చేన్లు రాగానే తగ్గింది. ఇదేం ధూళిరా, గుట్టలనే వెతుక్కుని పడుతుందా?

పదకొండింటికి షేర్ ఆటో దిగేసరికి మామ నిలువుగా పాతిన రాతి కడీల కంచె లోపల గొర్రెలను వేరు చేస్తున్నాడు. నిజం తేల్చడానికి వచ్చానని చెప్పాను. భుజం మీది గొంగడి తీసి నా చేతిలో పెట్టాడు.

"వానల పడ్డదంటివి గదా అల్లుడా. నాకంటే ముందు నానింది గిదే. ఉతకలే, దులపలే. దీన్ని సూడు."

ఇంత చిన్న ఆలోచన నాకెందుకు రాలేదు? చేను మధ్యలో మామ కర్ర మీద గొంగడి పట్టుకుంటే పది నిమిషాలు లెక్కించాను. గొంగడి ఉన్నా లేకున్నా నిమిషానికి ముప్పై టిక్కుల లోపే. దొడ్డికి వచ్చి మీటరును కడీకి ఆనించాను. అరవై దాటింది. మా గుట్టల రాయి తీరే అంత, పుట్టుకతోనే దానిలో కొంత రేడియేషన్ ఉంటుంది. ఆ రోజు కూడా కడీకే ఆనించాను, వీడియోలో కనిపిస్తూనే ఉంది.

"గీ కడీలు మా బాపు పాతిచ్చిండు," అన్నాడు మామ.

"అంటే బండను సూసి మమ్మల్ని బెదిరిచ్చినవా?" అంది అత్త.

తప్పు ఒప్పుకుంటూ కొత్త వీడియో పెట్టాను, అది పాతదానిలా తిరగలేదు. మర్నాడు అంగడిలో పొద్దున్నుంచి గొంగడి, మీటరు పట్టుకుని వచ్చిన ప్రతివాడికీ చెప్పాను. ఒక బేరగాడు నా పాత వీడియోనే నాకు చూపించాడు. మధ్యాహ్నానికి రెండు పొట్టేళ్లు అసలు ధరకు పోయాయి. మిగతా మందను మామ ఇంటికి తోలుకుపోయాడు.

ఎక్కడో కూర్చుని బాంబు పేల్చేవాళ్ల మీద నాకింకా మంటే. వాళ్లు ఏ అంగడికీ వచ్చి జవాబు చెప్పరు. నేను కూడా గదిలో కూర్చుని ఒకటి పేల్చాను, అందుకే రావాల్సి వచ్చింది.

మీటరుతో ఇటు వచ్చేవాళ్లకు ఒక్క మాట: కడీలకు, బండలకు దూరంగా చేను మధ్యలో ముందు లెక్క తీసుకోండి, తర్వాత వానకు తడిసిన గొంగడి అడగండి. ఎవరైనా ఇస్తారు. వీడియో మాత్రం రెండో రోజు తీయండి.