నన్నెవరూ అడగని వేసవి

ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఆ బడి వరండాలో ఎవరో చాప మీద ఇప్పపూలు ఆరబోశారు. ఒంటిపూట బడి రోజులు. ఎండ ఎక్కేకొద్దీ ఆ తియ్యటి, కాస్త పులిసిన వాసన గదిలోకి వచ్చి, చేతిలోని కాగితాల మీద నా చూపు నిలవనీయకుండా ముప్పై ఏళ్లు వెనక్కి లాక్కుపోయింది.

మా ఊరూ ఇలాంటిదే, అడవికీ చేనుకీ మధ్య. ఎండాకాలమంతా మిరప కల్లాల ఘాటుకు తుమ్ముకుంటూ చింతగింజలతో అష్టాచెమ్మా ఆడేవాళ్లం, తునికిపండ్ల జిగురు మూతులకు పూసుకుని తిరిగేవాళ్లం. తెల్లవారుతుండగానే నాయనమ్మ నన్ను లేపి, గంప నెత్తిన పెట్టుకుని, దారిలో ప్రతి చెట్టునూ చుట్టాన్ని పలకరించినట్టు పలకరిస్తూ అడవికి నడిపించేది. రాలిన ఇప్పపూలు మంచుకు తడిసి వేళ్లకు అంటుకునేవి. ఎండాక వాటిని వేయించి, నువ్వులు కలిపి రోట్లో దంచి, ఉండలు చేసి మొదటిది నాకే పెట్టేది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒక పొద్దున మాకంటే ముందే ఇప్పచెట్టు కిందికి ఎలుగుబంటి వచ్చింది. ఆ పూలంటే వాటికీ ప్రాణం. పుట్ట చాటున ఉన్నదాన్ని మేం చూడలేదు. అది లేచి నిలబడగానే నాయనమ్మ గంప దాని మీదికి విసిరి, రెండు చేతులూ చాపి నాకు అడ్డంగా నిలబడింది.

"ఉరుకు బిడ్డా! ఎన్కకు సూడకు!"

ఉరికాను. వెనక్కి చూశాను.

ఖమ్మం దవాఖానాలో మూడు రోజులుండి నాయనమ్మ పోయింది. ఆ తర్వాత నల్ల కుక్క కనబడినా గోడకు అతుక్కుపోయేదాన్ని. పక్క తడిపేదాన్ని. "పిల్ల దడుసుకున్నది" అని మెడలో తాయెత్తు కట్టించారు. ఇంట్లో మళ్లీ ఎవరూ ఆమె పేరెత్తలేదు. వదిలేసి వచ్చానని ఎవరైనా తిడతారేమోనని ఎదురుచూశాను. తిట్టలేదు, అడగనూ లేదు.

ఇప్పుడు అడగడమే నా ఉద్యోగం. ఘోరం చూసిన పిల్లల్లో ఆ గాయం ఇంకా మిగిలి ఉందేమో కనిపెట్టే, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చిన ప్రశ్నావళి ఒకటుంది. అది మన పిల్లలకు సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడాలి. నేను ప్రశ్నలడిగి మార్కులు వేస్తాను, తర్వాత డాక్టరు పిల్లలతో విడిగా మాట్లాడతాడు, రెండూ ఒకటే చెబుతున్నాయా అని సరిచూస్తాం.

ఆ రోజు ఆ బడి గదిలో నా ఎదురుగా పదమూడేళ్ల అమ్మాయి కూర్చుంది. నిరుడు వాగు దాటుతుండగా తమ్ముడు ఆమె చేయి జారి కొట్టుకుపోయాడు.

"జరిగినదాని గురించి, వద్దనుకున్నా ఆలోచనలు వస్తున్నాయా?"

"రావు మేడం."

అన్నిటికీ అదే జవాబు. మార్కులు కూడితే ఈ పిల్లకు ఏ బాధా లేదని తేలింది. కాగితాలు సర్దుతుంటే తనే మెల్లగా అంది:

"ఆలోచన రాదు మేడం. వాడే కనబడ్తడు. చెయ్యి గిట్ల సాపి."

సర్దిన కాగితాలు మళ్లీ తెరిచాను. నాకూ ఎప్పుడూ ఆలోచన రాలేదు మరి, నాయనమ్మే కనబడేది.

డాక్టరు మాట్లాడి, ఆ పిల్లకు సాయం తప్పకుండా కావాలన్నాడు. వారం వారం రమ్మన్నాడు. ఆ ప్రశ్నను 'కళ్ల ముందు కనబడుతుందా?' అని మార్చి మళ్లీ పిల్లలను అడిగాం. ఈసారి కొందరు తలవంచుకుని "అవ్" అన్నారు.

ఆ పిల్ల మాట విన్న సాయంత్రమే అమ్మకు ఫోన్ చేశాను. ఆ పొద్దున ఏం చూశావని నన్నెందుకు అడగలేదమ్మా అన్నాను.

"నువ్వు చెప్తే నేను ఇనాలె గద బిడ్డా. గంత ధైర్యం నాకేడిది?"

మేం పూలేరిన చోట ఇప్పుడు జామాయిల్ తోటలు. ఆ ఇప్పపూల ఉండలు చేసే ఇల్లు మా ఊళ్లో ఒక్కటీ లేదు. నాయనమ్మ చేతి పనులన్నీ గుర్తున్నాయి, ముఖం మాత్రం ఎప్పుడు తలుచుకున్నా ఆ పొద్దుటిదే. ఎనిమిదేళ్లు ఆమె పక్కలోనే పడుకున్నాను. ఆమె నవ్వు ఎలా ఉండేదో నాకు తెలియదు.